తలుపుకి వేలాడదీసిన బోర్డు: జర్మనీ వచ్చి ఏడు వారాలు, ఇంకా ఏమేం తెలియాలి?

కొత్త_కొలువు · నవంబర్ 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. సెప్టెంబర్ మధ్యలో హైదరాబాద్ నుంచి వచ్చాం, నేను, మా ఆవిడ, అయిదేళ్ళ పాప. స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాం. బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్), కార్ల సాఫ్ట్‌వేర్ పని.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి మా తలుపు పిడికి దారం కట్టి ఒక చెక్క బోర్డు వేలాడదీసి ఉంది. అరచెయ్యంత ఉంటుంది, దాని మీద చీపురు, బకెట్ బొమ్మ, కింద జర్మన్‌లో ఒక ముక్క. ఎవరో పొరపాటున తగిలించారనుకుని తీసి మెట్ల దగ్గర కిటికీ గట్టు మీద పెట్టాను. పొద్దున లేచి చూస్తే మళ్ళీ మా పిడికే ఉంది, ఈసారి వెనక ఒక కాగితం మడిచి పెట్టారు. చేతిరాత, ఫోన్ సగమే చదవగలిగింది. "ఈ వారం మీరు" అన్నంత వరకే అర్థమైంది. ఎదురింట్లో డెబ్బై దాటిన ఆవిడ ఒక్కరే ఉంటారు, ఆవిడే పెట్టుంటారు. పొద్దున ఎదురుపడితే హలో అన్నాను, తల మాత్రం ఊపారు. మా ఆవిడకి టెన్షన్ పట్టుకుంది, మన వంట వాసనకి కంప్లయింట్ చేస్తున్నారేమో అని.

ఇంకో గొడవ. జీతానికి టాక్స్ నంబర్ కావాలని ఆఫీసులో అడుగుతూనే ఉన్నారు. అది పోస్టులో వస్తుందట, మాతో పాటు చేరిన వాళ్ళకి మూడు వారాల్లో వచ్చేసింది. మాకు ఏడు వారాలైనా లేదు.

కంపెనీ వాళ్ళు మూడు రోజులకి ఒక రీలొకేషన్ ఏజెంట్‌ని పెట్టారు. మున్సిపాలిటీ ఆఫీసుకి తీసుకెళ్ళి సంతకాలు పెట్టించి, బ్యాంకు చూపించి, నలభై పేజీల పుస్తకం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. జర్మన్లు టైముకి వస్తారు, సూటిగా మాట్లాడతారు అని అందులో బోలెడు రాశారు. బోర్డు సంగతి ఎక్కడా లేదు.

నెకార్_నీళ్ళు · నవంబర్ 4, రాత్రి 10:31

హహహ, స్వాగతం తమ్ముడూ. ఆ బోర్డు పేరు కేర్‌వోహె. ఊడ్చే వారం అన్నమాట. మీ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ప్రాంతాన్ని స్వాబియా అంటారు, అక్కడి వాళ్ళ ప్రత్యేకత అది. వంట వాసనకీ దానికీ ఏ సంబంధమూ లేదు, చెల్లెమ్మని నిశ్చింతగా తాలింపు పెట్టుకోమని చెప్పు.

ఈ వారం మీ అంతస్తు మెట్లు, వరండా ఊడ్చి తడిగుడ్డ పెట్టడం మీ వంతు. వారం అవగానే ఆ బోర్డు నువ్వే తీసుకెళ్ళి ఎదురింటి పిడికి తగిలించాలి. నువ్వు తీసి కిటికీ మీద పెట్టావు చూడు, ఆవిడ దృష్టిలో అది పని ఎగ్గొట్టడమే. పాపం నీకు తెలీదు, నీకు తెలీదన్న సంగతి ఆవిడకి తెలీదు.

అద్దె అగ్రిమెంటు తీసి చూడు, దాంతో పాటు హౌస్‌ఆర్డ్‌నుంగ్ అని ఒకటి ఉంటుంది, ఇంటి నియమాలన్నమాట. అందులో తప్పకుండా రాసి ఉంటుంది. ఇది చిన్న కేర్‌వోహె. పెద్దదని ఇంకోటి ఉంటుంది, ఇల్లంతటికీ వంతులు, అందులో ఇంటి ముందు ఫుట్‌పాత్, చెత్త డబ్బాల జాగా, ఆకురాలు కాలంలో ఆకులు, చలికాలం మంచు అన్నీ వస్తాయి. మంచు పడిన రోజున మామూలు రోజుల్లో పొద్దున 7 గంటలకల్లా దారి చెయ్యాలి. ఎవరైనా జారి పడి కాలు విరిగితే ఆ వారం ఎవరి వంతో వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది, హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ ఇన్సూరెన్స్, అంటే మన వల్ల వేరేవాళ్ళకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, తీసుకున్నావా లేదా? ఏడాదికి ఇంటిల్లిపాదికీ కలిపి వంద యూరోల లోపే దొరుకుతుంది, రేపే తీసుకో.

బెజవాడ_టు_బెర్లిన్ · నవంబర్ 4, రాత్రి 10:50

మా బెర్లిన్‌లో ఈ బోర్డులు గట్రా లేవు బ్రో. మనిషిని పెట్టి శుభ్రం చేయిస్తారు, ఆ డబ్బులు అద్దెతో కలిపి మన దగ్గరే లాగుతారు. పక్కింటాయన పేరేంటో నాకు నాలుగేళ్ళయినా తెలీదు. మీరు రోజూ చీపురు పట్టుకుని ఎలా ఉంటున్నారో గానీ…

నెకార్_నీళ్ళు · నవంబర్ 4, రాత్రి 10:58

రోజూ కాదు స్వామీ, రెండు వారాలకోసారి పావుగంట. పక్కింటాయన పేరు తెలీకపోవడం కూడా గొప్ప సంగతేనా 😄

సిరా_మరక · నవంబర్ 4, రాత్రి 11:20

కొత్త_కొలువు గారూ, మీ రెండో గొడవ గురించి. ఒక ప్రశ్న అడుగుతాను, ముందు కిందికి దిగి చూసొచ్చి జవాబు చెప్పండి. మీ పోస్టు డబ్బా మీద ఎవరెవరి పేర్లున్నాయి? అచ్చంగా ఏ స్పెల్లింగ్‌తో?

కొత్త_కొలువు · నవంబర్ 4, రాత్రి 11:34

చూసొచ్చాను అక్కా. పాత అద్దెదారు పేరే ఉంది. దాని పక్కన నేను పెన్నుతో నా పేరు రాసిన స్టిక్కర్ అంటించాను, వచ్చిన వారంలోనే. నా పేరు, అంటే అందరూ పిలిచే పేరు. ఇంటిపేరు రాయలేదు.

సిరా_మరక · నవంబర్ 4, రాత్రి 11:52

అదే నేను అనుకున్నది. నా పనే ఇది, కొత్తగా వచ్చే ఇంజనీర్లకీ డాక్టర్లకీ ఇక్కడ ఇళ్ళు, కాగితాలు కుదిరేలా సాయం చేస్తాను, పదకొండేళ్ళుగా. తెలుగువాళ్ళలో పదిమందిలో నలుగురైదుగురికి మొదటి దెబ్బ ఈ డబ్బా దగ్గరే తగులుతుంది.

ఇక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు. గమనించారా? వీధి, ఇంటి నంబరు, అంతే. ఆ బిల్డింగ్‌లో పన్నెండు కాపురాలుంటే పోస్ట్‌మన్‌కి దారి చూపించేది డబ్బా మీద పేరొక్కటే. కవరు మీద మీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉన్నది ఉంటుంది, అంటే మన ఇంటిపేరు. డబ్బా మీద మీరు రాసింది పిలిచే పేరు. రెండూ కలవవు, కవరు వెనక్కి పోతుంది. ఎవరూ ఫోన్ చెయ్యరు, మెయిల్ రాయరు. మీ ఉత్తరం వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇంకో మెలిక. మీ ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉందా? ఉంటే ఆ పేరు కూడా డబ్బా మీద ఉండాలి, ఆవిడ టాక్స్ నంబర్ ఆవిడ పేరు మీద విడిగా వస్తుంది. పాపకి కూడా వస్తుంది, అవును, అయిదేళ్ళ పిల్లకి కూడా పదకొండు అంకెల టాక్స్ నంబర్ ఇస్తారు, పుట్టిన పసిగుడ్డుకి కూడా ఇస్తారు. కాలింగ్ బెల్ మీద కూడా అవే పేర్లు.

స్టిక్కర్ మీరే రాయకండి, ఇంటి ఓనర్‌కి మెయిల్ పెడితే మిగతా వాళ్ళకున్నట్టే పేరుపలక చేయించి పెడతారు. అది వచ్చేదాకా ఇంటిపేర్లు రెండూ ప్రింట్ తీసి అంటించండి, అదీ ఈ రాత్రికే. నంబర్ కోసం ఫెడరల్ టాక్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో మళ్ళీ పంపమని అడగొచ్చు, అదీ పోస్టులోనే వస్తుంది. తొందరగా కావాలంటే పాస్‌పోర్టు, ఆన్‌మెల్డుంగ్ (అడ్రసు నమోదు) కాగితం పట్టుకుని మీ ఊరి ఫినాన్స్‌ఆమ్ట్‌కి, అంటే టాక్స్ ఆఫీసుకి, స్వయంగా వెళ్ళండి, అక్కడికక్కడ చెప్పేస్తారు చాలా చోట్ల. నంబర్ ఇవ్వకుండా సాగదీస్తే జీతం మీద ఆరో తరగతి కింద పన్ను కోస్తారు, అన్నిటికంటే ఎక్కువ కోత అదే. తర్వాత సర్దుతారు, కానీ ఆ నెల మాత్రం పాలకి కూడా లెక్క చూసుకోవాల్సొస్తుంది.

పెసరట్టు_ఉప్మా · నవంబర్ 5, ఉదయం 7:15

ఇంటిపేరు సంగతి అంటే గుర్తొచ్చింది. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. వెయిటింగ్ రూమ్‌లోకి ఆవిడ రెండుసార్లు వచ్చి ఎవరినో పిలిచి వెళ్ళిపోయింది. నన్నే. "హెర్" (మన శ్రీ లాంటిది) అని మొదలుపెట్టి మా ఇంటిపేరు, అదీ జర్మన్ ఉచ్చారణలో, వాళ్ళ నోట్లో అది ఏ కారు స్పేర్‌పార్టు పేరులాగో ఉంది. స్కూల్లో టెన్త్ హాల్‌టికెట్ మీద తప్ప మా ఇంటిపేరు పూర్తిగా ఎవరూ వాడలేదు, ఒక్క అక్షరంతో సరిపోయేది. ఇక్కడ ఇరవై తొమ్మిదేళ్ళకి ఇంటిపేరుతో బతకడం నేర్చుకున్నాను.

డాక్టర్ సంగతి కూడా చెప్తున్నా. జ్వరం అని వెళ్తే టీ తాగు, పడుకో అని పంపేశాడు. మందు రాయలేదని కోపం వచ్చి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, ఆయనా అదే చెప్పాడు. మన దగ్గర లాగా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర యాంటీబయాటిక్ అడిగితే ఇవ్వరు. రాత్రిపూట, ఆదివారం ఒంట్లో బాగాలేకపోతే 116117, ప్రాణం మీదికొస్తే 112. ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి.

ఎర్లాంగెన్_అన్న · నవంబర్ 5, ఉదయం 8:02

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? తమ్మీ, ప్రభుత్వ క్రాంకెన్‌కాసె, అంటే హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థల ఉన్నవా, ప్రైవేటులనా? జీతం ఏడాదికి 73,800 యూరోలు దాటితే, 2025 లెక్క అది, ప్రైవేటుకి పోవచ్చు. ఏజెంట్లు ఫోన్ మీద ఫోన్ చేస్తరు, నెలకి ఇంత మిగుల్తది అని. ఒంటరిగ ఉన్న కుర్రాడికి మిగుల్తది, నిజమే. ప్రభుత్వ దాంట్ల ఉద్యోగం చెయ్యని భార్య, పిల్లలు పైసా ఎక్కువ కట్టకుండ నీ కిందనే వస్తరు. ప్రైవేటుల ఒక్కొక్కరికి ఒక్కో ప్రీమియం. వయసు మీద పడ్డకొద్దీ పెరుగుతది. పోయినంత సులువు కాదు వాపస్ వచ్చుడు, 55 దాటినంక దాదాపు తలుపు మూసినట్టే. నేను 2016ల నెలకి రెండొందలు మిగుల్తయని పోయిన, ఇప్పుడు నలుగురికి కడుతున్న. ఇంక ఎక్కువ చెప్ప.

కొత్త_కొలువు · నవంబర్ 5, మధ్యాహ్నం 12:40

అన్నా, ప్రభుత్వ దాంట్లోనే ఉన్నాం, అదృష్టం. అక్కా, మీరు చెప్పినట్టు రాత్రే ఇంటిపేర్లు రెండూ ప్రింట్ తీసి అంటించాను. మా ఆవిడ తన ఇంటిపేరు డబ్బా మీద చూసుకుని ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది, ఆయన మురిసిపోయాడు.

ఆఫీసు గురించి కూడా అడగాలి. మా మేనేజర్ పుట్టినరోజు వచ్చే సోమవారం. నేను ముందుగా, శుక్రవారమే విష్ చేద్దామని…

హాఫ్_టికెట్ · నవంబర్ 5, మధ్యాహ్నం 12:44

వద్దు వద్దు వద్దు!! ముందు చెప్తే కీడంటారు ఇక్కడ. నేను వచ్చిన కొత్తలో వీకెండ్ వస్తోంది కదా అని ఒక రోజు ముందు చెప్పాను. గది మొత్తం ఒక్క క్షణం గప్‌చుప్. ఒకావిడ నిజంగా బల్ల మీద వేలితో మూడుసార్లు కొట్టింది. శకునాలు మనకే ఉన్నాయనుకున్నాను అప్పటిదాకా.

ఇంకోటి, పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ళే కేక్ తేవాలి. మనకి ఎవరో తెచ్చి కోయిస్తారని కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చోవడమే. నా మొదటి పుట్టినరోజు అలాగే గడిచింది, అందరూ వచ్చి చెయ్యి కలిపి నా టేబుల్ వైపు చూసి వెళ్ళిపోయారు. ఎందుకు చూస్తున్నారో మర్నాడు తెలిసింది.

బెజవాడ_టు_బెర్లిన్ · నవంబర్ 5, మధ్యాహ్నం 1:10

ఆఫీసులో మీరు, నువ్వు తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, అందులో మనం ఇంగ్లీషు వాళ్ళకంటే నయం. "సీ" అంటే మీరు, "డూ" అంటే నువ్వు. ఐటీలో అందరూ డూ అనేస్తారు. కానీ ఆఫీసర్, డాక్టర్, ఇంటి ఓనర్, ఎదురింటి పెద్దావిడ, వీళ్ళందరికీ సీ. ఒకే తేడా, మన దగ్గర వయసులో చిన్నవాడు పెద్దాయన్ని మీరు అంటాడు, పెద్దాయన వాడిని నువ్వు అంటాడు. ఇక్కడ ఇద్దరూ మీరే, లేదా ఇద్దరూ నువ్వే. నువ్వులోకి మారదామని పెద్దవాళ్ళే అడగాలి. మా పక్క టీమ్ ఆయన మూడేళ్ళ తర్వాత ఒక రోజు క్యాంటీన్‌లో లేచి నిలబడి, చెయ్యి చాపి తన మొదటి పేరు చెప్పాడు, కొత్తగా పరిచయం చేసుకున్నట్టు. నేను బిత్తరపోయాను, మతిమరుపు వచ్చిందా ఏంటి అనుకున్నాను.

సిరా_మరక · నవంబర్ 5, సాయంత్రం 6:30

ఇవన్నీ సరదాగానే ఉంటాయి, కేక్ తేకపోతే కొంపలేమీ మునగవు. నేను మాత్రం కొత్తవాళ్ళకి ఉత్తరాల గురించే మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుగొచ్చినా సరే. మనకి అలవాటు లేని సంగతి ఇదొక్కటే. మన దగ్గర ముఖ్యమైన పని అంటే ఎవరో ఫోన్ చేస్తారు, ఓటీపీ వస్తుంది, లేదా మనమే వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడి తెచ్చుకుంటాం. ఇక్కడ సర్కారు నోరు కాగితం. పలకరింపు, హెచ్చరిక, జరిమానా అన్నీ దాంట్లోనే.

పోయినేడాది ఒక అబ్బాయి, మంచి చదువు, మంచి జీతం, మూడు నెలల ఉత్తరాలు షూ అట్టపెట్టెలో వేసి నా దగ్గరికి తెచ్చాడు. భాష రాదని తెరవలేదట. అందులో రేడియో, టీవీ చందా నోటీసులు నాలుగు. నెలకి 18.36 యూరోలు, ఇంటికొకటి, టీవీ ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. మొదటిది మామూలు ఉత్తరం, చివరిది వసూలుకి మనిషిని పంపుతామని. అడుగున ఒక పసుపు కవరు. ఆ పసుపు కవరు గుర్తు పెట్టుకోండి. దాని మీద పోస్ట్‌మన్ తన చేత్తో తేదీ వేస్తాడు. డబ్బాలో పడ్డ ఆ తేదీ నుంచే గడువు మొదలు, మీరు తెరిచిన రోజు నుంచి కాదు. ఆ అబ్బాయిది స్పీడ్ ఫైన్. అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలు, అది ఎప్పుడో దాటిపోయింది. కవరు కూడా పారెయ్యకూడదు, తేదీ దాని మీదే ఉంటుంది కాబట్టి.

రోజూ డబ్బా తెరవండి. ఫోన్‌తో ఫొటో తీసి అనువదించండి, తేదీలకీ "ఫ్రిస్ట్" అన్న మాటకీ గీత పెట్టండి, ఫ్రిస్ట్ అంటే గడువు. ఒక ఫైల్ కొని, చిల్లులు పొడిచి పెట్టుకోండి. నవ్వుతారు గానీ ఇక్కడ ప్రతి ఇంట్లో ఆ మిషన్ ఉంటుంది.

గుంటూరు_కరుణ · నవంబర్ 5, రాత్రి 9:05

కాగితాల మాట వచ్చింది కాబట్టి, మన క్రైస్తవ కుటుంబాల వాళ్ళకి ఒక మాట. ఆన్‌మెల్డుంగ్ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మేము మామూలుగా ప్రొటెస్టెంట్ అని నింపాం, మన దగ్గర స్కూల్ ఫారంలో నింపినట్టే. మొదటి జీతం చీటీలో చర్చి పన్ను అని ఒక వరుస కనిపించింది. కట్టే ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. మావారు తీయించేద్దాం అన్నారు. దానికి చర్చి నుంచి తప్పుకుంటున్నానని ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. నాకు ఆ సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు, కడుతున్నాం. మీరు ఎలా చేసినా మీ ఇష్టం, ఆ గడి నింపేటప్పుడు తెలిసి నింపండి అని చెప్తున్నా, అంతే.

హాఫ్_టికెట్ · నవంబర్ 5, రాత్రి 9:20

కరుణ గారూ ఇది నాకు ఎనిమిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మాది ఖాళీ గడి కాబట్టి తెలిసే అవకాశమూ లేదనుకోండి.

పెసరట్టు_ఉప్మా · నవంబర్ 6, ఉదయం 7:40

కొత్త_కొలువు బ్రో, కారు నడుపుతున్నావా? ఇండియా లైసెన్స్ మీద ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి ఆరు నెలలే. ఆ తర్వాత నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే, నేరం. మార్చుకోవాలంటే థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ మళ్ళీ రాయాలి. క్లాసులు తప్పనిసరి కాదంటారు గానీ వెళ్ళు. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు నడిపానన్న పొగరుతో వెళ్ళి మొదటిసారి ఫెయిలయ్యాను. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి, వాడు సందులోంచి వచ్చినా సరే, నువ్వు పెద్ద రోడ్డు మీదున్నాననుకున్నా సరే. నేను ఇవ్వలేదు. పరీక్ష పెట్టేవాడు ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మీద రాసుకున్నాడు. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. ఇప్పుడే మొదలుపెట్టు, మార్చి మధ్యకల్లా నీ ఆరు నెలలూ అయిపోతాయి.

ఎర్లాంగెన్_అన్న · నవంబర్ 6, ఉదయం 8:30

చెల్లె ఏం చేస్తున్నదో అడగలే ఎవ్వరూ. బ్లూ కార్డ్ వాళ్ళ భార్యకి ఏ ఉద్యోగమైన చేసే హక్కు మొదటి రోజు నుంచే ఉంటది. భాష లేకపోతే ఆ హక్కు పెట్టెల ఉన్న పట్టుచీర లెక్కనే.

కొత్త_కొలువు · నవంబర్ 6, రాత్రి 9:50

మా ఆవిడే పక్కన కూర్చుని చెప్తోంది, నేను టైప్ చేస్తున్నా.

"అన్నయ్యగారూ, నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు బ్యాంకులో చేశాను. కింద పనిచేసేవాళ్ళు పదకొండు మంది ఉండేవాళ్ళు. ఇక్కడ బేకరీలో రొట్టె అడగడానికి ముందు బయట నిలబడి మనసులో రెండుసార్లు చెప్పుకుని లోపలికి వెళ్తున్నాను. వాళ్ళు తిరిగి ఇంకో ప్రశ్న వేస్తే అయిపోయింది. ఆయనకి ఆఫీసులో అంతా ఇంగ్లీషు. బయటి పనులన్నీ నా మీదే పడుతున్నాయి, భాష రానిదాని మీద. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందని అంటున్నారు, అప్పుడెలా ఉంటుందో."

సిరా_మరక · నవంబర్ 6, రాత్రి 10:40

అమ్మా, కంపెనీలు ఉద్యోగికి సెటిల్ అవడం నేర్పుతాయి, ఇంట్లో వాళ్ళకి పుస్తకం ఇస్తాయి. నేను చూసినంతలో రెండేళ్ళలోపు తిరిగి వెళ్ళిపోయిన కుటుంబాల్లో ఎక్కువ మంది ఆఫీసు పని నచ్చక వెళ్ళినవాళ్ళు కారు.

మీ ఊళ్ళో ఫోక్స్‌హోఖ్‌షూలె ఉంటుంది, ప్రజల బడి లాంటిది. అక్కడ ఇంటిగ్రేషన్ కోర్సు అడగండి. 600 గంటలు భాష, 100 గంటలు ఈ దేశం గురించి. ఆన్‌లైన్ యాప్‌తో గడపకండి, బయటికి వెళ్ళే క్లాసులోనే చేరండి, చలికాలంలో పొద్దున్నే ఇల్లు కదలడానికి అదొక్కటే కారణం దొరుకుతుంది. క్లాసులో సిరియా ఆవిడ, బ్రెజిల్ అబ్బాయి, ఉక్రెయిన్ పెద్దాయన ఉంటారు, అందరూ బేకరీ బయట రెండుసార్లు చెప్పుకునేవాళ్ళే. ఆయనకి కూడా పనికొస్తుంది. బ్లూ కార్డ్ మీద శాశ్వత నివాసం 27 నెలలకి వస్తుంది, బీ1 స్థాయి, అంటే మధ్యస్థంగా జర్మన్ వస్తే 21 నెలలకే.

విటమిన్ డీ గురించి డాక్టర్‌ని అడగండి. డిసెంబర్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి పనులన్నీ ఆపి అరగంట బయట నడవండి, మబ్బుగా ఉన్నా సరే. నేను మొదటి చలికాలం ఊరికే ఏడ్చేదాన్ని, కారణం లేదు. మా అమ్మ ఫోన్‌లో దిష్టి తగిలిందంది.

గుంటూరు_కరుణ · నవంబర్ 6, రాత్రి 11:02

చెల్లీ, నీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టాను. మేము గంట దూరంలోనే ఉంటాం. శనివారం వస్తాం, గోంగూర పచ్చడి ఉంది.

బెజవాడ_టు_బెర్లిన్ · నవంబర్ 7, ఉదయం 9:15

మంచి మాటలన్నీ అయ్యాక చేదు మాట నేను చెప్తాను, ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి. కార్ల పరిశ్రమలో ఉన్నావు. పరిస్థితి నీకే తెలుసు. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, ఆ లోపు రెండు వారాల నోటీసుతో పంపొచ్చు. నన్ను అయిదో నెలలో పంపారు, కంపెనీ పేరు అనవసరం. కాగితం ఇచ్చిన రోజున ఇంటికెళ్ళి పడుకోవద్దు. మూడు రోజుల్లోపు ఉపాధి ఆఫీసులో ఉద్యోగం వెతుక్కుంటున్నానని నమోదు చేసుకోవాలి. వీసా ఆఫీసుకి రెండు వారాల్లోపు తెలియజెయ్యాలి. గత రెండున్నరేళ్ళలో పన్నెండు నెలలు కట్టి ఉంటేనే నిరుద్యోగ భృతి, నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67. నాకు పన్నెండు నెలలు లేవు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా నాన్న డబ్బులు పంపాడు, యూరోపులో ఉన్న కొడుక్కి ఏలూరు నుంచి. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ఖాతాలో పక్కన పెట్టు. ఇల్లు కొనడాలు, పెద్ద కారు లీజులు ఏడో నెల తర్వాత.

కొత్త_కొలువు · నవంబర్ 9, రాత్రి 8:15

అప్‌డేట్. నిన్న శనివారం పొద్దున మెట్లు ఊడ్చాను. ముందు కరుణ గారి కుటుంబానికి చాలా థాంక్స్, పచ్చడి సగం సీసా అయిపోయింది అప్పుడే.

ఊడ్చి తడిగుడ్డ పెడుతుంటే ఎదురింటి ఆవిడ తలుపు కొంచెం తీసి చూశారు. నేను ఫోన్‌లో రాసుకున్న వాక్యం చదివాను, మాకు తెలీదండీ, ఇండియాలో ఈ పద్ధతి లేదు, క్షమించండి అని. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. అయిపోయింది మన పని అనుకున్నాను. రెండు నిమిషాలకి ఒక గట్టి కుచ్చుల చీపురు పట్టుకుని వచ్చారు. నా చేతిలోది మేం హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న పూలచీపురు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు. మెట్టు అంచుకీ గోడకీ మధ్య మూల ఉంటుంది చూడండి, అక్కడ చీపురు కొసతో ఎలా లాగాలో చేసి చూపించారు. తర్వాత మెట్ల పక్క రెయిలింగ్ కమ్మీలు కూడా తుడవాలని వేలితో రాసి దుమ్ము చూపించారు. నవ్వలేదు, కోప్పడలేదు కూడా. పేరు చెప్పారు, ఇంటిపేరే, ముందు ఫ్రావ్ (మన శ్రీమతి లాంటిది) తగిలించి. మేమూ మా ఇంటిపేర్లు చెప్పాం, రెండున్నాయేంటని అడిగారు, చెప్పడానికి నా జర్మన్ చాల్లేదు.

ఫినాన్స్‌ఆమ్ట్‌కి శుక్రవారం వెళ్ళాను. కాగితాలు చూపించగానే నంబర్ రాసిచ్చారు, పది నిమిషాలు పట్టింది. హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ తీసుకున్నాను.

ఒక్క సందేహం. సాయంత్రమే బోర్డు ఎదురింటి పిడికి తగిలించేశాను. వారం వదిలి వారం మాది, అంటే డిసెంబర్ 15 వారం మాది, 29 వారం కూడా. మా ఇండియా టికెట్లు 18వ తేదీకి, వచ్చేది సంక్రాంతి దగ్గర. వంతు మార్చుకుందామా అని ఆవిడని అడగాలి. జర్మన్‌లో ఎలా అనాలి? మరీ పనికి ఎగనామం పెడుతున్నట్టు ఉండకూడదు.

నెకార్_నీళ్ళు · నవంబర్ 9, రాత్రి 8:33

"క్యోంటెన్ వియర్ టౌషెన్?" మార్చుకోవచ్చా అని. నోటితో చెప్పి ఊరుకోకు, తేదీలు కాగితం మీద రాసి ఇయ్యి. నవంబర్‌లో, డిసెంబర్ మొదట్లో ఆవిడ వంతులు రెండు నువ్వు చేస్తానని ముందు రాయి, ఆ తర్వాత నీవి రెండు అడుగు. మంచు ఇంకా మొదలవ్వలేదు, నువ్వు చేసేవి తేలిక వారాలు, ఆవిడకి పడేవి మంచు వారాలు, కాబట్టి ఆవిడకి ఇది నష్టం బేరమే, అది ఆవిడకీ తెలుసు. వచ్చేటప్పుడు మీ ఊరి నుంచి ఏదైనా తీపి పట్టుకురా, పూతరేకులు మాత్రం వద్దు, మెట్ల మీద పొడి రాలుతుంది.